ప్రదర్శన తోటలో అవార్డు రకాల పక్కన మన కూరగాయల మడి: ఏవి పెట్టమంటారు?

ఊదావంకాయ (సెంట్రల్ న్యూజెర్సీ)
అందరికీ నమస్కారం. నేను మా కౌంటీ (జిల్లా లాంటిది) మాస్టర్ గార్డెనర్ల, అంటే శిక్షణ తీసుకుని జనానికి తోటపని నేర్పే వాలంటీర్ల, ప్రదర్శన తోటలో పనిచేస్తాను. తెలియనివాళ్ల కోసం చెప్తున్నాను, ఇది అద్దెకు మడి తీసుకుని ఎవరి కూర వాళ్లు కోసుకెళ్లే కమ్యూనిటీ తోట కాదు. అందరూ వచ్చి చూసి, అడిగి, తమ పెరట్లో ఏది పెట్టుకోవచ్చో తెలుసుకోవడానికి పెంచేది. పనంతా వాలంటీర్లదే, వెనక మాత్రం యూనివర్సిటీ ఎక్స్‌టెన్షన్ (జనానికి సాగు సలహాలిచ్చే విభాగం) వాళ్లుంటారు. ఈ మాస్టర్ గార్డెనర్ పద్ధతి 1973లో వాషింగ్టన్ రాష్ట్రంలో మొదలైంది, ఇప్పుడు దాదాపు దేశమంతా ఉంది.

మా తోటలో ముందు వరుస మొత్తం ఆల్ అమెరికా సెలెక్షన్స్ అవార్డు గెలిచిన రకాలే. వచ్చే సీజన్‌కి దాని పక్కనే ఒక మడి మన కూరగాయలకి ఇవ్వమని చాన్నాళ్లుగా అడుగుతున్నాను, మొన్నటి మీటింగ్‌లో ఒప్పుకున్నారు. చాలా సంతోషంగా ఉంది, కొంచెం టెన్షన్‌గానూ ఉంది. ఎందుకంటే పక్క మడిలో ఉండేవన్నీ పరీక్ష నెగ్గి వచ్చిన మొక్కలు, మన మడి కూడా అంత బాగా కనపడాలి. ఎండ రోజంతా ఉంటుంది, డ్రిప్ ఉంది, పందిరి వేసుకోనిస్తారు. చివరి మంచు ఏప్రిల్ నెలాఖరుకో మే మొదట్లోనో పోతుంది, అక్టోబర్ మధ్య దాటితే మళ్లీ ఎప్పుడైనా పడొచ్చు. ఏ రకాలు పెట్టమంటారు?

మిద్దెతోట (హైదరాబాద్)
అక్కా, ముందు శుభాకాంక్షలు. ఈ అవార్డు ఎవరిస్తారు, ఎలా ఇస్తారు? విత్తనాల కంపెనీలు తమకి తామే ఇచ్చుకునేదైతే దానికంత విలువేముంటుంది? ఇక్కడ ప్యాకెట్ మీద ‘బెస్ట్ క్వాలిటీ’ అని రాయని కంపెనీ ఒక్కటి కూడా లేదు.

ఊదావంకాయ
మంచి ప్రశ్న తమ్ముడూ. ఇది 1932లో విత్తన వ్యాపారులే మొదలుపెట్టిన సంస్థ, 1933లో మొదటి విజేతల్ని ప్రకటించారు. అయితే పరీక్ష పద్ధతి గట్టిది. అప్పటివరకూ మార్కెట్లోకి రాని కొత్త రకాలనే తీసుకుంటారు. పేరు చెప్పకుండా నంబరు మాత్రమే వేసి, అమెరికా, కెనడాల్లో రకరకాల వాతావరణాల్లో ఉన్న ట్రయల్ గ్రౌండ్స్‌కి పంపుతారు. అక్కడి జడ్జిలు ఇప్పటికే అమ్ముడవుతున్న మంచి రకాల్ని దాని పక్కనే నాటి, రెండిటినీ పోల్చి మార్కులేస్తారు. ఆ జడ్జిలకీ జీతం లేదు, వాళ్లూ వాలంటీర్లే. చాలా ప్రాంతాల్లో బాగా వస్తే జాతీయ విజేత, కొన్ని ప్రాంతాల్లోనే రాణిస్తే ప్రాంతీయ విజేత.

మాలాంటి ప్రదర్శన తోటలు గెలిచినవాటిని పెంచి, బోర్డు పెట్టి జనానికి చూపిస్తాయి. ఆ తోటలకి ప్రతి ఏడాదీ ల్యాండ్‌స్కేప్ డిజైన్ పోటీ కూడా ఉంది. నా దృష్టిలో అసలు పరీక్ష మాత్రం ఆగస్టులో జరుగుతుంది. సగంమంది వాలంటీర్లు సెలవులకి వెళ్లిపోతారు, నీళ్లు ఒకరోజు ఎక్కువ పడతాయి, ఒకరోజు తక్కువ పడతాయి. అప్పుడు కూడా నిలబడిందా, ఆ మొక్కని ఎవరి పెరట్లోనైనా పెట్టుకోమని ధైర్యంగా చెప్పొచ్చు.

ఫ్రిస్కో_పెరడు (టెక్సాస్)
బెండ పెట్టండి, ఇంకో మాట లేదు. అవార్డు పొందినవాటిలో క్లెమ్సన్ స్పైన్‌లెస్ ఉంది, 1939 విజేత, ఇప్పటికీ ఏ దుకాణంలో చూసినా అదే. 2017లో గెలిచిన క్యాండిల్ ఫైర్ ఎర్ర బెండ, కాయకి గాడులు లేకుండా గుండ్రంగా ఉంటుంది, చూడ్డానికి చాలా బాగుంటుంది. ఆ రెండిటి మధ్యన మన సన్న బెండ ఒక వరుస వేస్తే వచ్చినవాళ్లకి తేడా ఎవరూ చెప్పక్కర్లేకుండానే తెలుస్తుంది. బెండ పువ్వు ఎలాగూ మందారం చుట్టమే, పూల మడిలో పెట్టినా తలవంచుకోదు.

మా దగ్గర జులైలో పగలు 95 ఫారెన్‌హీట్ దాటి రాత్రి కూడా చల్లబడకపోతే టమాటా పూత రాలిపోతుంది, ఏ అవార్డు రకమైనా సరే. అప్పుడు కళ్లకి పచ్చగా కనపడేవి బెండా, గోంగూరా, దోసా. డాలస్ అర్బొరీటమ్‌లో 2017లో ‘ఏ టేస్ట్‌ఫుల్ ప్లేస్’ అని కూరగాయలతోనే ఒక అందమైన తోట తెరిచారు, ఇటువైపు వస్తే తప్పక చూడండి. కూరగాయల్ని పూలమొక్కల్లా ఎలా కూర్చాలో అక్కడ నేర్చుకోవచ్చు.

పాతరైతు (గుంటూరు, ప్రస్తుతం న్యూజెర్సీలోని ఎడిసన్)
అమ్మాయ్, బెండ సరే. పందిరి ఉందన్నావు కాబట్టి ఆ పందిరికి తగినట్టు సొర, బీర, పొట్ల పెట్టు. ఎడిసన్‌లో మా అబ్బాయి పెరట్లో అన్నీ కాశాయి. ఒక్క విషయం గుర్తుపెట్టుకో. సొర పువ్వు సాయంత్రం విచ్చుతుంది, బీర కూడా అంతే, పొట్ల అయితే రాత్రికి. నేతిబీర ఒక్కటే పొద్దున్నే విచ్చుతుంది. మీ వాలంటీర్లంతా పొద్దున పూట వచ్చి పనిచేసి వెళ్లిపోతే ఈ పూలని చూసే నాథుడుండడు, తేనెటీగలు కూడా పగలే తిరుగుతాయి. రాత్రిపూట తిరిగే రెక్కల పురుగులు సరిపడా లేకపోతే పిందె పసుపెక్కి రాలిపోతుంది, అందరూ ఎరువు తక్కువైందనుకుంటారు. సాయంత్రం ఏడింటప్పుడు ఎవరో ఒకరు వచ్చి మగపువ్వు తెంపి ఆడపువ్వుకి అద్దాలి. పిందె ఉన్నది ఆడపువ్వు, కాడ మాత్రమే ఉన్నది మగది.

ఇంకోటి. సొరకి మొదటి తీగ మీద మగపూలే ఎక్కువొస్తాయి. తల తుంచితే పక్క కొమ్మలొస్తాయి, ఆడపూలు వాటిమీద పడతాయి. మేం ఎప్పటినుంచో చేసే పనే, ఇప్పటి పిల్లలు 3జీ కటింగ్ అంటున్నారు.

ఊదావంకాయ
బాబాయ్ గారూ, ఇది బంగారం లాంటి సలహా. సాయంత్రం డ్యూటీ అని రోస్టర్‌లో ఒక గడి వేస్తాను. అసలు దాన్నే జనానికి చూపించే కార్యక్రమంగా పెట్టొచ్చనిపిస్తోంది, సాయంత్రం ఆఫీసు అయ్యాక పిల్లల్ని తీసుకొచ్చి పువ్వుకి పువ్వు అద్దడం చూపించమంటే ఎందుకు రారు!

గునుగుపువ్వు (వరంగల్ ఆడపడుచు, డెలావేర్)
అక్కా మీరంతా కూరలే అంటున్నారు, పూల సంగతి ఎవరూ మాట్లాడరేం? మీ తోటలో పూల వరుస కూడా ఉంది కదా, బతుకమ్మ మడి ఒకటి పెట్టండి. గునుగు అంటే ఏదో కాదు, సెలోషియానే. ఇక్కడ నర్సరీల్లో ‘ఫ్లెమింగో ఫెదర్’ అని అమ్మేది అచ్చం మన పొలంగట్ల మీది గునుగులాగే ఉంటుంది. మే నెలాఖరులో నేల వెచ్చబడ్డాక విత్తనం చల్లి పైన మట్టి రాసినట్టు వేస్తే చాలు. కాకపోతే గింజ రాలి మరుసటి ఏడాది తోటంతా మొలుస్తుంది, అందుకని పండక్కి కోయగా మిగిలిన కంకుల్ని గింజ ముదరక ముందే తీసేయాలి, లేకపోతే పక్క మడివాళ్లు మీమీద కోప్పడతారు.

బంతికి లెక్క చూసుకోండి. పెద్ద ముద్దబంతి పగలు పొడుగ్గా ఉన్నన్నాళ్లూ పూతకి బద్ధకిస్తుంది. మేలో నాటినవి సద్దుల బతుకమ్మ వచ్చేసరికి అలిసిపోయి, కింది ఆకులు ఎండి, అందం ఉండదు. జూన్ మధ్య నుంచి జులై మొదటివారం లోపల విత్తితే సరిగ్గా సెప్టెంబర్ చివర్లో విరగబూస్తాయి. నారు జానెడు ఎదిగాక తల తుంచాలి. అవార్డు రకాల్లో ఫస్ట్ లేడీ 1968ది, పాతదే కానీ పసుపు చాలా నిండుగా ఉంటుంది. తంగేడు ఇక్కడ రాదు, మేం గోల్డెన్‌రాడ్ వాడుతున్నాం. అది అలర్జీ తెస్తుందని చాలామంది భయపడతారు, దానిది బరువైన పుప్పొడి, పురుగులు మోయాలి తప్ప గాల్లో ఎగరదు. అదే సమయంలో పూసే ర్యాగ్‌వీడ్ అనే కలుపు మొక్క తుమ్ములు తెప్పిస్తే నింద దీనిమీద పడింది.

మొలక (కాలిఫోర్నియా)
ఎవరూ చెప్పలేదు కాబట్టి నేను చెప్తున్నాను. విత్తనాలు ఎక్కడినుంచి తెస్తారు? పబ్లిక్ తోట కాబట్టి సూట్‌కేసులో దాచి తెచ్చినవి అస్సలు పెట్టకండి. యూఎస్‌డీఏ (అమెరికా వ్యవసాయ శాఖ) దగ్గర తక్కువ మొత్తం విత్తనాల పర్మిట్ ఉంటుంది, ఒక ప్యాకెట్‌కి 50 గింజలు, ఒక పార్సిల్‌లో 50 ప్యాకెట్ల వరకూ, కొన్ని జాతులకి మాత్రం ఇది వర్తించదు. ఆ పద్ధతిలో తెప్పించుకోండి, లేదా ఇక్కడే అమ్మేవాళ్ల దగ్గర కొనండి. కరివేపాకు మొక్క ఒక రాష్ట్రం నుంచి ఇంకో రాష్ట్రానికి పంపించే ముందు రూల్స్ చూసుకోవాలి, దానిమీద నిమ్మజాతి చెట్లని నాశనం చేసే సిల్లిడ్ పురుగు బతుకుతుంది. తూటికూర అయితే ఫెడరల్ కలుపు జాబితాలోనే ఉంది, దాని పేరే ఎత్తొద్దు. దొండ హవాయిలో, ఫ్లోరిడాలో అడవిలా పాకి పెద్ద తలనొప్పి అయింది. న్యూజెర్సీ చలికి చచ్చిపోతుంది కాబట్టి మీకు ఫర్వాలేదు గానీ, బోర్డు మీద ఆ ముక్క కూడా రాయండి. చూసినవాళ్లలో ఎవరైనా ఫ్లోరిడాలో ఉన్న చుట్టానికి కటింగ్ పంపొచ్చు.

ఊదావంకాయ
మొలక గారూ, మీరు చెప్పిన ప్రతి మాటా మా కోఆర్డినేటర్‌కి పంపుతున్నాను. పర్మిట్ నంబరు లేని గింజ ఒక్కటి కూడా నేలలో పడదు.

నాటువిత్తు (అనంతపురం)
నాకొక అభ్యంతరం ఉంది, మొహమాటం లేకుండా చెప్తాను. ఈ అవార్డులన్నీ హైబ్రిడ్లకే. ఈ ఏడు కొన్న గింజ వచ్చే ఏడు పనికిరాదు, మళ్లీ కొనాలి. మీరు జీతం లేకుండా చెమటోడ్చి ఎవరికి ప్రచారం చేస్తున్నట్టు? మన నాటు వంగ, నాటు బెండ విత్తనం తరతరాలుగా రైతు చేతిలోనే ఉంది, దానికి ఏ కాగితమూ అక్కర్లేదు. మన మడిని వాళ్ల మడి పక్కన నిలబెట్టి పోటీ పెట్టడం నాకు నచ్చలేదు.

ఫ్రిస్కో_పెరడు
అన్నా, అన్నీ హైబ్రిడ్లు కావు. నేను చెప్పిన క్లెమ్సన్ స్పైన్‌లెస్ నాటు బెండలాగే గింజ దాచుకునే రకం. 1935లో గెలిచిన స్ట్రెయిట్ ఎయిట్ కీర కూడా అంతే.

ఊదావంకాయ
నాటువిత్తు గారూ, మీ బాధ నాకర్థమవుతుంది. ఇటీవలి విజేతల్లో ఎక్కువ హైబ్రిడ్లే, అది నిజం. కానీ పోటీ ఎందుకు కావాలంటున్నానంటే, నాటు రకం గొప్పదని మనం ఎంత చెప్పినా దారినపోయే మనిషి నమ్మడు, పక్కపక్కన చూస్తే నమ్ముతాడు. ఒకే మట్టి, ఒకే నీళ్లు, ఒకే ఎండ. ఫెయిరీ టేల్ అని 2005లో గెలిచిన వంకాయ ఉంది, ఊదా మీద తెల్ల చారలతో చిన్న కాయలు, దాంతో మా తోటి వాలంటీర్లకి గుత్తి వంకాయ చేసి పెట్టాను, గిన్నె ఊడ్చేశారు. 2014లో గెలిచిన పేషియో బేబీ కూడా గుత్తులుగా చిన్న కాయలే కాస్తుంది, ముళ్లుండవు. ఆ రెండిటి పక్కన నాటు వంగ పెడతాను. ఆకుల మీద సన్న చిల్లులు పొడిచే ఫ్లీ బీటిల్స్ దేనిమీద తక్కువ వాలాయో, ఏది ముందు కాసిందో, ఏది రుచో రాస్తాను. మనది ఓడిన చోట ఓడిందనే రాస్తాను, గెలిచిన చోట పెద్దక్షరాలతో రాస్తాను. కింద ‘దీని గింజ మీరే దాచుకోవచ్చు’ అనే మాట కూడా ఉంటుంది, ఆ మాట హైబ్రిడ్ బోర్డు మీద ఉండదు కదండీ.

నాటువిత్తు
అలా అయితే సరే. విత్తనానికి వదిలేసే కాయకి మొదట్లోనే దారం కట్టండి, లేకపోతే ఎవరో ఒకరు కోసేస్తారు. బెండలో రకాలు మూడు పక్కపక్కన పెడితే తేనెటీగలు కలిపేస్తాయి, విత్తనానికి ఉంచే పువ్వుకి విచ్చకముందే సంచి తొడగండి.

హెబ్బాళ్_తెలుగు (బెంగళూరు)
ఇక్కడ లాల్‌బాగ్‌లో రిపబ్లిక్ డేకి, ఆగస్టు 15కి ఫ్లవర్ షో జరుగుతుంది, ఆ రోజుల్లో జనాన్ని చూస్తే పువ్వుకి ఇంత శక్తి ఉందా అనిపిస్తుంది. నేను చెప్పాలనుకున్నది ఐఐహెచ్‌ఆర్ (భారత ఉద్యాన పరిశోధన సంస్థ) రకాల గురించి. హెసరఘట్టలో ఉన్న ఈ సంస్థ ఇచ్చిన అర్కా రక్షక్ టమాటా ఆకుముడత వైరస్, బ్యాక్టీరియా వడలు తెగులు, ఎర్లీ బ్లైట్ మూడిటినీ తట్టుకుంటుంది. అర్కా అనామిక బెండ పల్లాకు తెగులుకి తట్టుకునే రకం. అయితే తెల్లదోమ తెచ్చే ఆ పల్లాకు మన దేశపు సమస్య, మీ దగ్గర దాని గొడవ లేనప్పుడు ఆ సుగుణం కనపడదు. అందుకే రకం పేరు చూసి కాదు, మీ ఊళ్లో ఉన్న రోగం చూసి ఎంచుకోండి.

చిక్కుడు పెడతారేమో, జాగ్రత్త. మన తీగ చిక్కుడు చాలావరకు పగలు తగ్గితే గానీ పూయదు. న్యూజెర్సీలో అది పూతకొచ్చే వేళకి మంచు పడుతుంది. పొద జాతి అర్కా జయ్, అర్కా విజయ్ పగటి పొడుగుతో పనిలేకుండా కాస్తాయి, అవి వెతకండి.

ఊదావంకాయ
ఇప్పుడర్థమైంది, ఇక్కడ మన స్నేహితుల ఇళ్లలో చిక్కుడు తీగ ఇల్లెక్కి కూడా కాయ ఎందుకివ్వదో! గోంగూరదీ అదే స్వభావం, కాకపోతే మనకి కావలసింది ఆకు కాబట్టి పూత ఆలస్యమైతే ఇంకా మంచిదే. ఊదా చిక్కుడుని మాత్రం పువ్వు కోసం ఒక కొస పందిరికి పాకిస్తాను, మాంటిసెల్లోలో అమెరికా మాజీ అధ్యక్షుడు జెఫర్సన్ ఇంటి తోటలో దాని పందిరే పెద్ద ఆకర్షణ.

పాతరైతు
గోంగూరకి ఆ రాగిరంగు పురుగు పడుతుంది చూడు, దాని సంగతేంటి? మా పెరట్లో జులైలో ఆకుని జల్లెడ చేసేసింది.

ఊదావంకాయ
జపాన్ బీటిల్ బాబాయ్ గారూ. అమెరికాలో మొదట కనపడిందే మన న్యూజెర్సీలో, 1916లో రివర్టన్ దగ్గర ఒక నర్సరీలో. గోంగూర, బెండ, గులాబీ, ద్రాక్ష దానికి ప్రాణం. దుకాణంలో అమ్మే సంచి ట్రాప్ పెట్టకండి, పట్టేవాటికంటే చుట్టుపక్కల నుంచి పిలుచుకొచ్చేవి ఎక్కువ. పొద్దున్నే చల్లగా ఉన్నప్పుడు అవి మందకొడిగా ఉంటాయి, సబ్బునీళ్ల గిన్నె కింద పట్టి కొమ్మ తడితే వాటంతటవే పడతాయి. మొదట వచ్చిన నాలుగిటిని వెంటనే ఏరేస్తే తర్వాత గుంపు తగ్గుతుంది, తిన్న ఆకు వాసనకే మిగతావి వస్తాయి. పబ్లిక్ తోట కాబట్టి మందు కొట్టే ఆలోచనే పెట్టుకోం.

టేమ్స్_తీరం (ఇంగ్లండ్)
మాకిక్కడ ఆర్‌హెచ్‌ఎస్ (రాయల్ హార్టికల్చరల్ సొసైటీ) వాళ్ల అవార్డ్ ఆఫ్ గార్డెన్ మెరిట్ ఉంది, 1922 నుంచి. విజ్లీ తోటలో ట్రయల్స్ చేస్తారు, ప్యాకెట్ మీద కప్పు గుర్తు ఉంటుంది. నాకు నచ్చేదేంటంటే ఆ అవార్డు శాశ్వతం కాదు, మళ్లీ చూసి, పాతబడితే వెనక్కి తీసుకుంటారు. మీ బోర్డుల్ని కూడా ఏటా మార్చండి.

పూల వరుసలో జిన్నియా పెడితే ఒక మాట. జిన్నియాకి బూడిద తెగులు వస్తే సెప్టెంబర్‌కి మడి చూడలేం. 1999లో గెలిచిన ప్రొఫ్యూజన్ ఆరెంజ్, చెర్రీ ఆ తెగులుని బాగా తట్టుకుంటాయి, వాడిన పువ్వు తుంచకపోయినా పూస్తూనే ఉంటాయి. చేతులు తక్కువున్న తోటకి అలాంటివే పెట్టాలి.

గునుగుపువ్వు
అక్కా, కౌంటీ ఫెయిర్‌లో జరిగే పంటల పోటీకి కూడా పంపుతారా? అక్కడ నీలం రిబ్బన్ ఫస్ట్ ప్రైజు కదా.

ఊదావంకాయ
తోట తరఫున పంపాలనే ఉంది. అక్కడ జడ్జిలు చూసేది సైజు కాదు. అయిదు బెండకాయలు అడిగితే అయిదూ ఒకే పొడుగు, ఒకే రంగు, ఒకే లేతదనం ఉండాలి. నాలుగు అద్భుతంగా ఉండి అయిదోది బొద్దుగా ఉంటే ఆ పళ్లెం పక్కకి పోతుంది. కాబట్టి మడిలో ఎక్కువ మొక్కలుండాలి, ఏరుకోవడానికి వీలుండాలి. పొద్దున్నే కత్తెరతో తొడిమ ఉంచి కోయాలి, వంకాయని గుడ్డతో మెల్లగా తుడవాలే గానీ నూనె రాసి మెరిపించకూడదు. ఉల్లిపాయ పొరలు ఊడదీస్తే మార్కులు పోతాయి. పూలయితే ముందురోజు సాయంత్రమో తెల్లవారుజామునో కోసి, లోతైన నీళ్లలో చల్లటి చోట కొన్ని గంటలుంచాలి, అప్పుడు జడ్జి వచ్చే వేళకి మెడ వాల్చవు. రూల్స్ పుస్తకం ప్రతి ఫెయిర్‌కీ వేరు, ఎన్ని కాయలన్నారో ఒకటికి రెండుసార్లు చూడాలి.

మిద్దెతోట
పండిందంతా ఎవరికి పోతుంది అక్కా? మా కాలనీ పార్కులో మేం కొందరం చిన్న ఆకుకూరల మడి చూసుకుంటున్నాం, పండాక ఎవరికివ్వాలన్న దగ్గరే మాటామాటా వస్తోంది.

ఊదావంకాయ
మా దగ్గర తూచి పుస్తకంలో రాసి ఫుడ్ ప్యాంట్రీకి (అవసరమైనవాళ్లకి ఉచితంగా తిండి సరుకులిచ్చే చోటు) ఇచ్చేస్తాం. వాలంటీర్లు ఇంటికి తీసుకెళ్లరు, రుచి చూడటానికి ఒకటో రెండో తప్ప. మొదటిరోజే ఈ నియమం పెట్టుకోండి, పంట చేతికొచ్చాక పెట్టుకుంటే కుదరదు. ఒక చిక్కుంది, సొరకాయని ఇక్కడివాళ్లు చూసి ఏం చేసుకోవాలో తెలియక వదిలేస్తారు. అందుకని కాయతో పాటు చిన్న కాగితం మీద పెసరపప్పు సొరకాయ ఎలా వండాలో రాసి పెడదామనుకుంటున్నాను. కాయని లేతగా జానెడున్నప్పుడే కోస్తే తీసుకుంటారు. చేదుగా ఉన్న సొర ఎట్టి పరిస్థితుల్లోనూ తినకూడదన్న హెచ్చరిక కూడా అదే కాగితం మీద ఉండాలి, దాన్ని మాత్రం మరిచిపోకూడదు.

పాతరైతు
ఆ కాగితం తెలుగులో కూడా రాయి అమ్మాయ్, ఎడిసన్‌లో చదివేవాళ్లున్నారు. సాయంత్రం డ్యూటీకి నా పేరు రాసుకో, జులై, ఆగస్టు రెండు నెలలూ. మా కోడలు దింపుతానంది.

ఊదావంకాయ
రాసేశాను బాబాయ్ గారూ. బయటినుంచి వచ్చే సాయానికి చిన్న ఫారం ఒకటి నింపాలి, ఈ వారం పంపుతాను. సొర, బీర గింజలు ఏప్రిల్ ఆఖర్లో ఇంట్లో కుండీల్లో పెట్టి, మే మధ్య దాటాక నాటుదాం. బెండ నేల వెచ్చబడేదాకా ఆగాలి. ఫిబ్రవరిలో మట్టి పరీక్ష రిపోర్టు రాగానే ఇక్కడే పెడతాను, ఎరువు సంగతి అప్పుడు చూద్దాం.